లెడ్డు విరిగిన చప్పుడు

మూలవాక్యం:
పీజో సెన్సర్‌ను గ్రీజు పూసి రాతికి బిగించి, పక్కనే అర మిల్లీమీటరు లెడ్డును మూడుసార్లు విరిచి, వచ్చిన డెసిబెల్స్ సగటుకు మూడు అటూ ఇటూలోపు ఉంటేనే అకౌస్టిక్ ఎమిషన్ రీడింగు మొదలుపెట్టాలి.

ఇది ఏ గ్రంథంలోని వాక్యమూ కాదు. రాతి మీద కొలతలు నేర్చుకోవడానికి వచ్చే పిల్లల కోసం నా నోట్‌బుక్ మొదటి పేజీలో నేనే రాసుకున్నది. వాళ్లు దీన్ని ఒక్క రోజులో బట్టీ పడతారు. ఇందులో ఒక్కో మాట ఎందుకుందో తెలిసేసరికి మాత్రం రెండు ఎండాకాలాలు గడుస్తాయి. సంస్కృత కావ్యాలకు పదం పదం విడదీసి అర్థం చెప్పిన మల్లినాథసూరిది మన మెదక్ జిల్లా కొల్చారం. అవసరం లేనిది చెప్పకూడదు, ఆధారం లేనిది రాయకూడదు అన్నది ఆయన పెట్టుకున్న నియమం. కొలతల గురించి మాట్లాడేవాళ్లకు అంతకంటే మంచి నియమం నాకు తెలియదు. అందుకే ఆ దారిలోనే వెళ్తాను. వాక్యం చివర ఉన్న మాటను ముందుకు తెచ్చుకుంటే అన్వయం సులువవుతుంది.

అకౌస్టిక్ ఎమిషన్

రాయి గానీ ఉక్కు గానీ కాంక్రీటు గానీ బరువు మోస్తున్నప్పుడు లోపల ఎక్కడో సన్నగా చీలుతుంది. అప్పటిదాకా అక్కడ బిగబట్టి ఉన్న శక్తి ఒక్కసారిగా తెగి, తరంగమై పైకి వస్తుంది. పాఠ్యపుస్తకాలు దీన్ని ధ్వని ఉద్గారం అంటాయి. అయితే ‘ధ్వని’ అనగానే చెవికి వినబడేదే అనుకుంటాం. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, ఈ తరంగాల లోకం అక్కడ మొదలై 1 మెగాహెర్ట్జ్ దాకా పోతుంది.

తట్టి వినడం వేరు, ఊరకే వినడం వేరు. సంతలో కుండ కొనేటప్పుడు వేళ్లతో తట్టి చూస్తాం. అల్ట్రాసౌండు పరీక్ష ఆ జాతిది, శబ్దం మనం పంపుతాం. అకౌస్టిక్ ఎమిషన్‌లో మనం ఏదీ పంపం. నల్లగొండ గుట్టల్లో వడ్డెరలు బండను చీల్చేటప్పుడు వరసగా ఇనుప చీలలు దించి, సమ్మెట దెబ్బ వేసి, ఒక క్షణం ఆగుతారు. బండ లోపల ‘చిట్’మని వినబడితే తర్వాతి దెబ్బ ఎక్కడ వేయాలో వాళ్లకు తెలుస్తుంది. ఆ ఆగడమే అకౌస్టిక్ ఎమిషన్. రాయి తనంతట తాను చెప్పేదాకా చెవి పెట్టి కూర్చోవడం.

ఇందులో ఒక విశేషం ఉంది. 1950లో మ్యూనిక్‌లో జోసెఫ్ కైజర్ అనే పరిశోధకుడు, ఒకసారి బరువు మోసిన వస్తువు మళ్లీ అంతే బరువు వచ్చేదాకా మౌనంగా ఉంటుందని, పాత హద్దు దాటినప్పుడే మళ్లీ చప్పుడు చేస్తుందని గమనించాడు. దాన్ని కైజర్ ప్రభావం అంటారు. నాగార్జునసాగర్ గురించి ఆలోచించండి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట రాతి కట్టడం. నిండితే నీటిమట్టం 590 అడుగులు. ఎన్నో వానాకాలాల్లో ఆ మట్టం చూసిన గోడ మీద సెన్సర్ పెడితే, మామూలుగా నిండే రోజుల్లో అది పెద్దగా ఏమీ చెప్పకపోవడమే సహజం. పాత మట్టంలోనే చప్పుళ్లు పెరిగితే అప్పుడు ఆలోచించాలి. రాతిలో ఈ జ్ఞాపకం లోహంలో ఉన్నంత గట్టిది కాదు, కాలం గడిచేకొద్దీ మాసిపోతుంది. ఏమైనా ఈ విద్యలో చప్పుడుకు ఎంత అర్థముందో చప్పుడు లేకపోవడానికీ అంతే అర్థముంది. ఈ మాట గుర్తుంచుకోండి, చివర మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

పీజో

గ్రీకులో నొక్కడం అని అర్థం. నొక్కితే కరెంటు పుట్టే గుణాన్ని 1880లో పియరీ, జాక్ క్యూరీ అన్నదమ్ములు కనిపెట్టారు. వాళ్లు పరీక్షించిన స్ఫటికాల్లో క్వార్ట్జ్ ఒకటి. అది మనకు కొత్తది కాదు, పలుగురాయే. మహబూబ్‌నగర్ చెలకల్లో దున్నినప్పుడల్లా తెల్లగా పైకి తేలి, గట్టు మీద కుప్పలు పడి ఉండేది. మన గ్రానైటులోనూ నల్లమల క్వార్ట్జైటులోనూ ఉన్నది ఆ పలుగే. అలాంటప్పుడు కొండే సెన్సర్‌గా పనిచేయదా అని పిల్లలు అడుగుతారు, మంచి ప్రశ్న. రాతిలో పలుగు రేణువులు తలోదిక్కు తిరిగి ఉంటాయి. ఒకదాని కరెంటును మరొకటి కొట్టేస్తుంది.

ఇవాళ సెన్సర్లలో ఎక్కువగా ఉండేది సీసం, జిర్కోనియం, టైటానియం ఆక్సైడ్లతో కాల్చి తీసిన పింగాణీ బిళ్ల. పేరు పీజెడ్‌టీ. బలమైన విద్యుత్ క్షేత్రంలో పెట్టి రేణువుల లోపలి విద్యుత్ ధ్రువాలను వీలైనంతవరకు ఒకే దిక్కుకు తిప్పుతారు. వంటింట్లో గ్యాస్ లైటర్‌ను నొక్కితే టక్కుమని నిప్పురవ్వ వచ్చేది ఈ జాతి బిళ్ల వల్లే. లైటర్‌లో దెబ్బ తగిలి వేల వోల్టులు పుడతాయి. సెన్సర్‌లో అణువంత కదలికకు మైక్రోవోల్టులు పుడతాయి. గుణం ఒకటే.

ఈ బిళ్ల వందల డిగ్రీల వేడికి గానీ ఆ గుణం పోగొట్టుకోదు. మిర్యాలగూడ మే నెల ఎండ దాన్ని ఏమీ చేయదు. కిందపడితే మాత్రం చేస్తుంది. బిళ్లకు, దాన్ని పట్టుకున్న జిగురుకు మధ్య వెంట్రుకంత పగులు వస్తే బయటి డబ్బా చెక్కుచెదరదు, చెవి మాత్రం సగం మూసుకుపోతుంది. చూపుకు కనిపించని లోపం కాబట్టే క్యాలిబ్రేషన్, అంటే కొలతను సరిచూసుకోవడం, అవసరమవుతోంది.

సెన్సర్

ఏది ఎలా వచ్చిందో అలాగే చెప్పేదని అనుకుంటాం. అకౌస్టిక్ ఎమిషన్ సెన్సర్ అలాంటిది కాదు. గుడి గంటను కర్రతో కొట్టినా రాయితో కొట్టినా అది తన స్వరంలోనే మోగుతుంది. అనునాద సెన్సర్ కూడా అంతే, 150 కిలోహెర్ట్జ్ దానికి ఏది తగిలినా 150 దగ్గరే గట్టిగా మోగుతుంది. దానివల్ల చిన్న చప్పుడు కూడా తెలుస్తుంది, కానీ ఆ చప్పుడు అసలు రూపం పోతుంది. ఉక్కు ట్యాంకులకు 150 బాగా సరిపోతుంది. రాతిలో పగుళ్లు, రేణువుల హద్దులు ఎక్కువ కాబట్టి పెద్ద పౌనఃపున్యాలు కొద్ది దూరంలోనే చచ్చిపోతాయి. రాతి పనికి 30, 60 కిలోహెర్ట్జ్ వాటిని ఎంచుకుంటాం.

ఇంకో సంగతి, దీన్ని సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున కూర్చుంటే కళ్లారా చూడొచ్చు. చిన్న అల మీద ఎండుటాకు పైకీ కిందికీ ఊగుతుంది. అదే అల మీద జాలరి పుట్టి కదలదు. ఒక పక్క అల లేస్తుంటే మరో పక్క దిగుతూ ఉంటుంది, రెండూ చెల్లుకు చెల్లు. సెన్సర్ అడుగు వెడల్పు తరంగం పొడవుకు దగ్గరపడితే జరిగేది ఇదే. ఉక్కు ఉపరితలం మీద సెకనుకు 3,000 మీటర్ల వేగంతో పాకే తరంగం 150 కిలోహెర్ట్జ్ దగ్గర 20 మిల్లీమీటర్ల పొడవుంటుంది. చాలా సెన్సర్ల వెడల్పు దాదాపు అంతే. పక్క నుంచి పాకి వచ్చే తరంగానికి అవి పుట్టిలా మొద్దుబారతాయి.

అందుకే సెన్సర్‌తో వచ్చే కాగితాన్ని చదివేటప్పుడు మొదట చూడాల్సింది, తరంగాన్ని ఏ దిక్కు నుంచి పంపి కొలిచారని. రెండు బిళ్లలను ముఖాముఖి పెట్టి నిలువుగా పంపి కొలిచిన వక్రరేఖ ఒకటి, దిమ్మె ఉపరితలం మీద పాకించి కొలిచింది మరొకటి. రెండూ ఒకే సెన్సర్‌వి అంటే నమ్మశక్యం కాదు. ఆ తేడా తెలియకుండా రెండు కంపెనీల సెన్సర్లను కాగితాల మీద పోల్చి కొనేవాళ్లను చూస్తే బాధ వేస్తుంది.

గ్రీజు పూసి

సెన్సర్‌కు, రాతికి మధ్య గాలి ఒక పొర ఉన్నా తరంగం దాటదు. గాలిని వెళ్లగొట్టడానికే గ్రీజు, లేదా జెల్, లేదా తేనెమైనం. పల్చగా పూయాలి. బిగించాక అంచుల వెంట సన్నని చుట్టులా బయటికి రావాలి, లోపల బుడగ మిగలకూడదు.

ఒక రాతి పనిలో మా ఎనిమిది సెన్సర్లలో అయిదోది మిగిలినవాటికంటే 12 డెసిబెల్స్ తక్కువ చెప్పింది. సెన్సర్ పాడైందని అందరం ఒక్కమాటగా తేల్చేశాం. కేబుల్ మార్చాం, సెన్సర్ సంకేతాన్ని పెంచే ప్రీయాంప్లిఫయర్ మార్చాం, చివరికి సెన్సరే మార్చాం. కొత్తదీ అంతే చెప్పింది. అప్పుడు దాన్ని ఊడదీసి రాయి మీద వేలు రాస్తే వేలికి తెల్లగా రాతిపొడి అంటింది. పొద్దున రాయిని నూరి చదును చేసినవాళ్లు అన్నీ తుడిచి ఆ ఒక్క చోటు వదిలేశారు. గ్రీజు ఆ పొడితో కలిసి ముద్దయి, రాయిని కాక పొడిని పట్టుకుంది. తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, మళ్లీ పూసి బిగిస్తే అదే సెన్సర్ తోటివాటి వరసలోకి వచ్చేసింది. రెండు గంటల పని పోయింది. ఆ రోజు నుంచి రాయిని చేత్తో తడమకుండా నేను సెన్సర్ పెట్టలేదు.

ఎండ బిళ్లను ఏమీ చేయదన్నాను కదా, గ్రీజును చేస్తుంది. పొద్దున గట్టిగా ఉన్నది మధ్యాహ్నం బండ కాలినప్పుడు కరిగి జారుతుంది, నిలువు గోడ మీదైతే మరీను. పొద్దున తీసిన క్యాలిబ్రేషన్ మధ్యాహ్నానికి చెల్లుతుందని అనుకోవద్దు.

రాతికి

వాక్యం మొత్తంలో ఈ మాటకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

సెన్సర్‌కు అసలు క్యాలిబ్రేషన్, అంటే కదలిక ఇంతైతే వోల్టులు ఇన్ని అని తేల్చేది, రాయి మీద పుట్టలేదు, ఉక్కు మీద పుట్టింది. 1970లలో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ వాళ్లు 90 సెంటీమీటర్ల వ్యాసం, 43 సెంటీమీటర్ల మందం ఉన్న ఉక్కు దిమ్మెను వాడారు. బరువు రెండు టన్నులు దాటుతుంది. దాని మధ్యలో వెంట్రుకలాంటి సన్నని గాజు గొట్టాన్ని పెట్టి స్క్రూతో నొక్కుతూ పోతారు. గాజు పుటుక్కున పగిలిన క్షణంలో, మైక్రోసెకనులో కొద్ది భాగంలోనే, దిమ్మె మీది బరువు తొలగిపోతుంది. అలా ఒక చోట బలం ఒక్కసారి మారితే ఉపరితలం దూరాన ఎలా కదులుతుందో హొరేస్ లాంబ్ అనే గణితవేత్త 1904లోనే లెక్కగట్టాడు. గాజుకు సమాన దూరంలో ఒకవైపు మనం పరీక్షించే సెన్సర్, మరోవైపు ఉపరితలాన్ని తాకకుండానే కదలికను చదివే కెపాసిటర్ గ్రాహకం. ఆ రెండింటి మాటలూ పోలుస్తారు. దిమ్మె అంత పెద్దది కావడానికి కారణం, తరంగం అంచులకు తగిలి తిరిగి వచ్చేలోపు కొలత పూర్తి కావాలి. ఈ పద్ధతే తర్వాత అమెరికాలో ఏఎస్‌టీఎం ఈ1106గా, అంతర్జాతీయంగా ఐఎస్‌ఓ 12713గా ప్రమాణమైంది. ఇలా కొలిచిన సెన్సర్‌తో పోల్చి ఇంకోదాన్ని సరిచూడటం ద్వితీయ క్యాలిబ్రేషన్.

అంత శ్రద్ధగా చేసిన ఆ పని పట్ల నాకు గౌరవం ఉంది. అయితే ఆ దిమ్మె ఉక్కు. తరంగానికి ఉక్కు అడ్డు నిలిచే బలం మన గ్రానైటుకు దాదాపు మూడింతలు. సెన్సర్‌ను బిగించగానే కింద ఉన్న పదార్థం కదలికను అది కొంత ఆపుతుంది. ఉక్కును ఆపినంత, రాయిని ఆపినంత ఒకటి కాదు. కాబట్టి కాగితం మీది అంకె ఉక్కుకు నిజం. దేవరకొండ గ్రానైటుకు, అమ్రాబాద్ క్వార్ట్జైటుకు ఆ అంకె నిజమని ఎవరూ హామీ ఇవ్వలేదు. దిమ్మెను ఇక్కడికి తీసుకురాలేం. అందుకే పని జరిగే రాతి మీదే, పని జరిగే రోజే, చిన్నదైనా ఒక పరీక్ష కావాలి. వాక్యంలో తర్వాతి మాట పుట్టింది అందుకే.

లెడ్డును విరిచి

బడిపిల్లలు వాడే పెన్ పెన్సిల్. హ్సు, నీల్సన్ అనే ఇద్దరి పేరు మీద ఈ పద్ధతి ప్రసిద్ధమైంది, ఏఎస్‌టీఎం ఈ976 దీన్ని వివరిస్తుంది. అర మిల్లీమీటరు లేదా 0.3 మిల్లీమీటర్ల 2హెచ్ లెడ్డు, మూడు మిల్లీమీటర్లు బయటికి, ఉపరితలానికి 30 డిగ్రీల వాలు. మెల్లగా వంచుతూ పోతే లెడ్డు మొన రాయిని కిందికి నొక్కుతుంది. లెడ్డు విరగ్గానే నొక్కిన రాయి పైకి లేస్తుంది. గాజు గొట్టం ఉక్కు మీద చేసిన పనే ఇది. ఒక షాపులో చవగ్గా దొరికే వస్తువు, ఒక పెద్ద ప్రయోగశాలలో రెండు టన్నుల దిమ్మె, రెండూ ఒకే సూత్రం మీద నడుస్తున్నాయి.

చేసేటప్పుడు చూడండి. పిల్లలు మొదటిరోజు లెడ్డును పొడుస్తారు, వంచరు. పొడిస్తే బలం ఎంతో చేతికి తెలియదు. మరికొందరు సరిగ్గానే వంచుతారు గానీ, విరిగిన ఊపులో పెన్సిల్ లోహపు మూతి రాయికి టక్కున తగులుతుంది. అప్పుడు తెర మీద ఒకటి కాదు, రెండు దెబ్బలు కనిపిస్తాయి, రెండోది లెడ్డుది కాదు. దీన్ని ఆపడానికే మూతికి చిన్న టెఫ్లాన్ ఉంగరం తొడుగుతారు, వాలు కూడా అదే నిలబెడుతుంది. సెన్సర్ నుంచి దూరం నేను 5 సెంటీమీటర్లు పెట్టుకుంటాను. అంతే పెట్టాలని లేదు, ఒకసారి పెట్టుకున్నది మార్చకూడదంతే. మన దుకాణాల్లో తేలిగ్గా దొరికేది హెచ్‌బీ లెడ్డు. అదే దొరికితే పని మొత్తానికి అదే వాడండి, మధ్యలో కలపొద్దు.

మూడుసార్లు

ఒకసారి విరిస్తే లెడ్డు గురించి తెలుస్తుంది. మూడుసార్లు విరిస్తే సెన్సర్ గురించి తెలుస్తుంది. మూడూ దగ్గరదగ్గరగా రాకపోతే నాలుగోది విరవకండి, చేతిని సరిచేసుకుని మొదటి నుంచి మొదలుపెట్టండి.

డెసిబెల్స్

ఇక్కడ సున్నా అంటే సెన్సర్ దగ్గర 1 మైక్రోవోల్టు. ప్రతి 20 డెసిబెల్స్‌కూ పదింతలు. 40 అంటే 100 మైక్రోవోల్టులు, 100 అంటే వోల్టులో పదో వంతు. ప్రీయాంప్లిఫయర్ 40 డెసిబెల్స్ పెంచుతుంటే యంత్రం దాన్ని తీసేసి లెక్క చెప్పాలి. ప్రీయాంప్లిఫయర్ స్విచ్ ఒకచోట, సాఫ్ట్‌వేర్‌లోని అంకె ఇంకోచోట ఉండిపోతే రీడింగులన్నీ ఒకే కొలతతో తప్పుతాయి. అన్నీ కలిసి తప్పాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. లెడ్డు మామూలుగా ఎంత ఇస్తుందో చేతికి అలవాటైనవాడే దాన్ని పట్టుకుంటాడు.

మూడు అటూ ఇటూలోపు

మూడు డెసిబెల్స్ తగ్గితే వోల్టేజి నూటికి 70కి పడిపోయినట్టు. సెన్సర్లన్నింటి సగటుకు మూడు పైన ఒక సెన్సర్, మూడు కింద ఒక సెన్సర్ ఉన్నాయంటే వాటి మధ్య తేడా 6 డెసిబెల్స్, అంటే ఒకటి మరొకదానికి రెండింతలు. అయినా రెండూ పాసయ్యాయి. ఈ హద్దు ఉదారమైనది, చేతి పనికి అంత వదిలిపెట్టక తప్పదు. ఏ సెన్సర్ ఏ వైపు ఉందో రాసి పెట్టుకోండి. తర్వాత ఫలానా మూల చప్పుళ్లు ఎక్కువ అని రిపోర్టులో రాసే ముందు ఆ కాగితం చూడాలి.

ఉంటేనే

‘ఉంటే’ కాదు, ‘ఉంటేనే’. ఈ ఏకారం అవధారణార్థకం. మరో దారి లేదని చెబుతుంది. ఎందుకింత పట్టుదల అంటే, అకౌస్టిక్ ఎమిషన్ సెన్సర్ ఏమీ చెప్పనప్పుడు దానికి రెండు కారణాలుండొచ్చు. రాయి నిమ్మళంగా ఉండొచ్చు, లేదా సెన్సర్‌కు వినబడకపోయి ఉండొచ్చు. తెర మీద రెండూ ఒకటే గీత. లెడ్డు విరిచిన చప్పుడు వినబడిన సెన్సర్ మౌనంగా ఉంటేనే ఆ మౌనాన్ని రాయి ఖాతాలో వేయొచ్చు.

ఈ జిల్లాల్లో బతికేవాళ్లకు రాయి మౌనం అంటే ఏమిటో తెలుసు. శ్రీశైలం జలాశయం నీళ్లు నల్లగొండ చెలకలకు తేవడానికి నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట నుంచి నల్లమల కింద సుమారు 44 కిలోమీటర్ల శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం తలపెట్టారు. పైన పులుల అభయారణ్యం కాబట్టి మధ్యలో ఎక్కడా దారి తీయకుండా రెండు కొసల నుంచే యంత్రాలతో తొలవాల్సి వచ్చింది. 2025 ఫిబ్రవరి 22 పొద్దున, దోమలపెంట వైపు నుంచి దాదాపు 14 కిలోమీటర్లు లోపల, కప్పు కూలి నీళ్లూ బురదా విరుచుకుపడ్డాయి. ఎనిమిది మంది చిక్కుకుపోయారు. హైదరాబాద్ నుంచి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు భూమిలోకి చూసే రాడార్‌తో వచ్చారు. వారాల తరబడి వెతికినా ఇద్దరి దేహాలే దొరికాయి.

సెన్సర్లు ఉంటే వాళ్లు బతికేవారని నేను అనను. గట్టి క్వార్ట్జైటు చీలితే తరంగం దూరం పోతుంది. నీరు పట్టిన బంకమట్టి, నలిగిన రాయి ఉన్న చోట పెద్ద పౌనఃపున్యాలు అడుగుల్లోనే ఆరిపోతాయి. అక్కడ పెట్టిన సెన్సర్ కూలే క్షణం దాకా కూడా మౌనంగా ఉండొచ్చు. అందుకే సొరంగంలో లెడ్డును సెన్సర్ పక్కన విరిస్తే చాలదు. రెండు సెన్సర్ల మధ్య విరిచి, ఎంత దూరం దాకా వినబడుతోందో చూడాలి. గట్టి రాతిలో అందే చప్పుడు ఒకచోట అందడం మానేసిందంటే, సెన్సర్లు రెండూ బాగున్నప్పుడు, మధ్యలో రాయి మారిందన్న మాట. క్యాలిబ్రేషన్ కోసం చేసిన పనే అక్కడ హెచ్చరిక అవుతుంది. కోలార్ బంగారు గనుల్లో రాతి పేలుళ్లను పట్టుకోవడానికి ఏళ్ల తరబడి భూకంప గ్రాహకాల వల నడిచింది. అక్కడ ఎందరో తెలుగువాళ్లు భూమి లోపల పనిచేశారు. ఆ గ్రాహకాలు పెద్ద కదలికలను వింటాయి, మన సెన్సర్లు వాటి కంటే చాలా పైస్థాయి పౌనఃపున్యాలను. ఒకదాని పని మరొకటి చేయదు.

మొదలుపెట్టాలి

వాక్యం ఇక్కడ ఆగుతుంది గానీ ఇక్కడ ఒక అధ్యాహారం ఉంది, వ్యాఖ్యాత పూరించాలి. ‘ముగించేటప్పుడు మళ్లీ విరవాలి’ అన్నది మూలంలో లేదు. నేనే రాయలేదు, అప్పట్లో నాకు తెలియదు. రోజంతా రీడింగు తీశాక, సెన్సర్లు ఊడదీయకముందే, అదే చోట, అదే దూరంలో, అదే పెన్సిల్‌తో మూడుసార్లు విరవాలి. పొద్దుటి అంకె పక్కన సాయంత్రం అంకె రాయాలి. అయిదో నంబరు పొద్దున 92, సాయంత్రం 80 అయితే మధ్యలో గ్రీజు ఎప్పుడో జారిందన్న మాట. ఎప్పుడు జారిందో తెలియదు కాబట్టి ఆ రోజు అయిదో నంబరు చెప్పిన మౌనం దేనినీ లెక్కలో వేసుకోకూడదు. నోట్‌బుక్ మొదటి పేజీలో ఆ వాక్యం కింద ఖాళీ ఉంది. ఈ ఎండాకాలం పిల్లలు వచ్చేలోపు అక్కడ ఇది రాస్తాను.